క్రావడి

నగరంపాలెంలో, కోర్టు గోడకి ఆనుకున్న నా టైపింగు కొట్టులో
పాత కంప్యూటరు ఒకటి, ముసలి ప్రింటరు ఒకటి,
ఎండాకాలం యార్డు వైపు గాలి తిరిగితే
ఇద్దరం ముగ్గురం ఒకేసారి తుమ్ములు.

దొంగ విండోసు మూడోసారి చచ్చిన రోజు
సుభానీ పెన్‌డ్రైవు తెచ్చాడు.
"అక్కా, ఇది దొంగది కాదు. ఊరికే."
ఆ రెంటికీ తేడా నమ్మడానికి నాకు నెల పట్టింది.

తెర వెలిగితే మెనూ తెలుగులో ఉంది!
ఫైలు అంటే దస్త్రం అట,
తాసిల్దారాఫీసు బీరువా వాసన గుప్పుమంది.
ఎవరో కూర్చుని రాశారు ఈ మాటలన్నీ,
జీతం లేకుండా, రాత్రి అన్నం తిన్నాక కాబోలు.

ప్రింటరు మాత్రం మూడు రోజులు పలకలేదు.
ఆ మూడు రోజులూ నేను తిట్టిన తిట్లు
ఏ మెనూలోనూ లేవు.

(కొట్టు వెనక గదిలో సుభానీ ప్లేస్టేషన్,
లాలాపేటలో కొన్న పాతది.
డిస్కు పెడితే చాలు, ఆట మొదలు.
డ్రైవరు లేదు, కమాండు లేదు, బతిమాలుడు లేదు.
నాకు కుళ్ళుగానే ఉండేది, దాచడమెందుకు.
ఒకటే జబ్బు దానికి: ఎడమ చేతి పుల్ల అరిగిపోయి
ఆటలో మనిషి, ఎవరూ తోయకుండానే
గోడ వైపు నడుస్తుంటాడు,
తాగినవాడు ఇల్లు వెతుక్కున్నట్టు.)

ఫిబ్రవరిలో దీవెనమ్మ వచ్చింది,
కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే మనిషి.
చేతులు బల్లకి ఆనించదు, మంట అంటుతుందని.
ఒంటరి స్త్రీ పింఛనుకి అర్జీ.
కొట్టాను, అచ్చు తీశాను, ఇచ్చాను.
చదువు రాదు. కాయితాన్ని ఎండకి పట్టి చూసి
"టైపమ్మా, ఇదేదో తాలుకాయలా ఉందే" అంది.

వేలు పెట్టిన చోట స్త్రీ.
క్రావడి తన అక్షరాన్ని వదిలేసి
ఎడమకి జారి
ఒంటరి కాళ్ళ దగ్గర పడి ఉంది.

వేల అర్జీలు కొట్టిన కళ్ళు నావి, చూడలేదు.

విండోసు రోజుల్లో అయితే
"ఫాంటు అంతేలేమ్మా" అనేదాన్ని.
దొంగ సరుకు మీద ఎవరికి చెప్పుకుంటాం?
ఆ రాత్రి వచ్చీరాని ఇంగ్లీషులో రాసి పంపాను:
అక్షరం జారిపోతోంది.

జవాబిచ్చినవాడి పేరు నాకు నోరు తిరగదు.
మంచు పడే ఊరు. తెలుగు ముక్క రాదు.
"ఈ కొక్కెం ఎక్కడుండాలి?" అని అడిగాడు.
దానికో పేరుంది నాయనా.
తెల్లకాయితం మీద లావుగా రాసి ఫోటో తీసి పంపాను,
ఒకటో తరగతి పిల్లాడికి దిద్దబెట్టినట్టు:
స, దాని కింద తావత్తు,
రెంటినీ అడుగు నుంచి చేరదీసి పట్టుకునేది ఇది.
ఎడమ నుంచే వస్తుంది. వదిలి మాత్రం పోదు.

(ఆ వారమే సుభానీ కంట్రోలరు విప్పాడు.
మామూలు స్క్రూడ్రైవరుకి లొంగని మర,
విప్పితే గ్యారంటీ పోతుందని పైన చీటీ.
"అది పోయి ఎనిమిదేళ్ళయింది" అని గోటితో గీకేశాడు.
లోపల అగ్గిపెట్టె అట్టముక్క మడిచి పెట్టాడు.
ఆటలో మనిషి ఆగాడు.
నిమిషం నిలబడ్డాడు.
తర్వాత కుడికి నడవసాగాడు.)

మే నెలలో అప్‌డేటు వచ్చింది.
ఏం మారిందో చెప్పే జాబితాలో ఒక్క వరుస,
గుంటూరు లేదు అందులో, దీవెనమ్మ లేదు.
మళ్ళీ కొట్టాను. ప్రింటరు దగ్గి, పలికింది.
క్రావడి చోటుకొచ్చింది.

వంకర అర్జీ ఆవిడ ఎప్పుడో ఇచ్చేసింది.
ఆఫీసులో ఎవరూ ఆ వంకర చూడలేదట,
అర్జీనే ఇంకా చూడలేదట.
కొత్తది చేతికిస్తే ఎండకి పట్టి, తలూపి
కొంగుముడి విప్పబోయింది.
"ఊరికే" అన్నాను.
"ఊరికే వచ్చింది ఒంటికి పట్టదు" అని
పది రూపాయలు బల్ల మీద పెట్టి పోయింది.

ఆ నోటు ముట్టుకున్న వేలితో
మరిచిపోయి కన్ను నలుపుకున్నాను.
సాయంత్రం దాకా మంట.